రాజ్యం రెండో పెళ్ళి

"పెళ్ళెవరిదయ్యా?"

"మనదే!"

"మనకెప్పుడో అయిపోనాది కదా!"

"అప్పుడు మైకు పెట్టలేదే!"

చోడవరంలో ఓ గుమ్మం ముందు టెంటు గుంజలు దింపుతుంటే లోపల్నించి వినిపించిన తగువిది. కాలేజీ మానేసి మా మావయ్య టెంట్‌హౌస్‌లో చేరిన కొత్త, తొంభై అయిదులో. గొంతులు చెరుకు రైతు పరదేశివి, అతని భార్య రాజ్యానివి.

పరదేశికి ఓ జబ్బుంది. కొన్నాళ్లు నిద్రపోడు, ఊరంతా తనదే అంటాడు. కొన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకుంటాడు. విశాఖ డాక్టరు మాత్రలిస్తే, బాగానే ఉన్నానుగా అని మానేశాడు. ఇప్పుడు ఉషారు రోజులు. ఆడవాళ్లలా కుంకుమ భరిణె పట్టుకుని వీధంతా తిరిగి, "మీరే పెట్టుకోండమ్మా" అని దాన్ని ముందుకు చాచి పెళ్ళికి పిలిచేశాడు. నవ్వుకున్నారు గానీ, బొట్టు పెట్టుకున్నాక రాకుండా ఎలా ఉంటారు? అందరూ దిగారు.

వడ్డాది నుంచి రాజ్యం తమ్ముడు కొండబాబూ దిగాడు. "అప్పా, ఈ ఎర్రోణ్ని ఒగ్గేసి మా ఇంటికొచ్చెయ్."

"నీకు టైఫాయిడొస్తే మీ ఆవిడ ఒగ్గేసిందేటి? ఎర్రోడనీకు. కుర్చీలెయ్."

వేశాడు.

సాయంత్రం పరదేశి దండ పట్టుకుని నిలబడ్డాడు. రాజ్యం మెడ వంచలేదు. కొంగు ముడి విప్పి మాత్ర తీసింది.

"ముందిది మింగు."

"నాకేటి రోగం?"

"మింగితే దండ. లేదంటే టెంటు పీకించేస్తాను."

మైకు ఆపడం నేను మర్చిపోయాను. ఈ బేరం వీధి చివరిదాకా వినపడింది. పక్కింటి అచ్చియ్యమ్మ కేకేసింది: "మింగెయ్ బాబూ, ఉప్మా సల్లారిపోతంది!"

మింగాడు. రాజ్యం నోరు తెరిపించి, నాలిక కింద కూడా చూసి, అప్పుడు మెడ వంచింది. మర్నాటి నుంచి మాత్ర వేళకల్లా దండ కావాలని పేచీ. పెరట్లో బంతిపూలన్నీ ఖాళీ.

వానలు పడ్డాక రాజ్యం షాపుకొచ్చింది. పరదేశి మంచం దిగడం లేదట.

"డాక్టరుకి చూపించావా అక్కా?"

"నిన్ననే. మందు మార్చేడు. టైము పడతాదన్నాడు."

"మరి టెంటేమైనా కావాలా?"

"టెంటొద్దు, మైకొద్దు. ఉప్మా తిన్నోళ్లు ఒక్కరూ ఇప్పుడు గుమ్మం తొక్కట్లేదు. నువ్వోపాలొచ్చి ఆ మంచం పక్కన కూకో బాబూ. మాటాడకపోయినా పర్లేదు."