ఊసేసిన బెల్లం

ఆపరేషన్ ముందురోజు ఆస్పత్రి యంత్రం మీద నా బరువు నూట ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. అంతకు రెండు రోజుల ముందు మా కొట్లో కాటా మీద నూట తొమ్మిది. నేను మా కాటానే నమ్ముతాను. దానికి తూనికలవాళ్ళు వచ్చి ముద్ర వేస్తారు. ఆస్పత్రి యంత్రానికి ఎవరు వేస్తారో నాకు తెలియదు. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు నిండి ఐదు నెలలు. ఇప్పుడు అరవై రెండు.

సన్నబడి అందంగా కనపడాలని పొట్ట కోయించుకున్నానని మా ఆడపడుచు బంధువులందరికీ చెప్పింది. అందానికైతే ముప్పై ఏళ్ళప్పుడే చేయించుకునేదాన్ని. మా కొట్టుకి నాలుగు మెట్లున్నాయి. ఆ నాలుగు మెట్లు ఎక్కడానికి చేయించుకున్నాను. ఇంకే కారణమూ లేదు.

మాది అనకాపల్లిలో బెల్లం కమిషన్ కొట్టు, మా మామగారు పెట్టినది. నేను కోటవురట్ల వైపు చెరకు రైతు కూతుర్ని. బెల్లం పెనం దగ్గర పెరిగాను. పాకం ఎప్పుడు దించాలో, సున్నం ఎక్కువైతే నాలుక మీద ఎలా ఉంటుందో నాకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన రెండో ఏడు మా మామగారు ఇంటికి తెచ్చిన మూడు ముక్కలు రుచి చూసి, ఒకటి ఉప్పునేల చెరకుదని, ఇంకొకటి రెండు పెనాల పాకం కలిపి పోసినదని చెప్పాను. ఆయన మర్నాడు ఐదు తెచ్చారు. ఆ మరుసటేడు నన్నే కొట్టుకి తీసుకెళ్ళి, గల్లాపెట్టె పక్కన బల్ల వేసి కూర్చోబెట్టారు. బెల్లం మార్కెట్ యార్డులో ఎవరి కొట్లోనూ ఆడది కూర్చోని రోజులవి. నలుగురూ నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

అందరూ బెల్లాన్ని రంగు చూసి వేలం పాడతారు. రంగు కోసం పెనంలో హైడ్రోస్ అనే తెల్ల మందు కలుపుతారు. దిమ్మ బంగారంలా మెరుస్తుంది. కొన్నాళ్ళు పోయాక నల్లబడుతుంది. కళ్ళతో చూస్తే అది తెలియదు. నాలుక చివర కాదు, వెనక, గొంతు మొదట్లో చిన్న చురుకు తగులుతుంది. అది నాకు తెలిసేది. మిఠాయివాళ్ళూ మందుల తయారీవాళ్ళూ మా కొట్టు సరుకు అడిగి తీసుకునేవారంటే ఆ బల్ల మీద నేను కూర్చున్నందుకే. మా మామగారు పోయాక కూడా ఆ బల్ల నాదే. ఇంట్లో నాకు అత్తగారి మాట, మా ఆయన మాట, పిల్లల మాట అన్నీ దాటాక నా మాట. కొట్లో మాత్రం నేను ముక్క నోట్లో వేసుకుని తల ఊపేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు.

యాభై దాటాక మోకాళ్ళు పోయాయి. మెట్లు ఎక్కాలంటే ఒక కళాసీ చెయ్యి అందించాలి, ఒకడు వెనక నిలబడాలి. దిమ్మలు మోసే వాళ్ళు నన్ను మోస్తున్నట్టుండేది. వాళ్ళేమీ అనలేదు కానీ ఒకసారి నేను కాటా మీద నిలబడితే వెనక ఎవడో మెల్లగా, "బస్తా తరుగు ఎంత తియ్యాలి?" అన్నాడు. విన్నాను. నవ్వాను కూడా. విశాఖపట్నంలో మోకాళ్ళ డాక్టరు చిప్పలు మార్చాలంటే ముందు బరువు తగ్గాలన్నాడు. పైగా షుగరు. మా ఆయన నాలుగు చోట్ల కనుక్కుని పొట్ట ఆపరేషన్ ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

అక్కడ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పొట్టని చిన్న సంచిలా కట్ చేసి పేగుకి కలుపుతారు. షుగరుకి కూడా అదే మంచిదన్నాడు. ఆ తరవాత తీపి పడదని కూడా చెప్పాడు. దాచలేదు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. తిండి సంగతులు అడగడానికి ఇంకో గదిలో ఒక అమ్మాయి ఉంది. అన్నం ఎంత, నూనె ఎంత, అన్నీ అడిగింది. అన్నిటికీ గ్రాముల్లో చెప్పాను. ఆశ్చర్యపోయింది. తరవాత స్వీట్లు తింటారా అంది. తినను అన్నాను.

అది నిజం. మా ఇంట్లో బెల్లం ఎవరూ తినరు. రోజంతా ఆ వాసనలో ఉన్నవాళ్ళకి దాని మీద మనసు పోదు. పండగ బూరెలు కూడా నేను ఒకటి తుంచి వదిలేసేదాన్ని. ఇక పొద్దున్నే బల్ల మీద కూర్చుని ముక్క తరవాత ముక్క నోట్లో వేసుకునేది తినడం కాదు. అది పని. చాకలి బట్టలు ఉతికితే స్నానం చేసినట్టా? మా బజారులో ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు. పక్క కుర్చీలో మా ఆయన కూర్చున్నారు. ఇరవై ఏడేళ్ళుగా సీజనులో రోజూ నా పక్కనే ఉండి చూసిన మనిషి. ఆ ముక్కల సంగతి చెప్పాలని ఆయనకీ తోచలేదు. తోచి కూడా ఊరుకున్నారా అని ఈ ఎనిమిదేళ్ళలో చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

ఉగాది వెళ్ళాక ఆపరేషన్ పెట్టించాను. అప్పటికి సరుకు రావడం పలచబడుతుంది, కొట్టుకి నష్టం ఉండదని. మొదట నీళ్ళు, తరవాత పలచటి పప్పునీళ్ళు, తరవాత మెత్తగా చేసిన అన్నం, పచ్చడి గిన్నెలో పట్టేంత. గబగబా మింగితే రాయి పడ్డట్టు గుండెల్లో ఆగేది. జుట్టు గుప్పిళ్ళతో ఊడింది. జాకెట్లు నాలుగుసార్లు బిగించాను. జబ్బల దగ్గర చర్మం ఖాళీ సంచిలా వేలాడింది. మా ఆడపడుచు వచ్చి చూసి, "సన్నబడ్డావు గానీ వదినా, పదేళ్ళు పైబడ్డట్టున్నావు," అంది. లావుగా ఉన్నప్పుడు ఇదే మనిషి నా పక్కన ఫొటోకి నిలబడేది కాదు. ఇవన్నీ పంటి బిగువున భరించాను. కార్తీకమాసానికి డెబ్బై ఏడు కిలోలకి వచ్చాను. మోకాళ్ళకి ఆపరేషనే అక్కర్లేకపోయింది.

సీజను మొదటి రోజు గోడ పట్టుకోకుండా నాలుగు మెట్లూ ఎక్కాను. ఎవరి చెయ్యీ అందుకోలేదు. కళాసీలందరూ పని ఆపి చూశారు. పెద్ద కళాసీ, "అమ్మగోరు పెళ్ళికూతురు నాగున్నారు," అన్నాడు. నా జీవితంలో ఆ ఆపరేషన్ వల్ల నాకు దక్కిన సంతోషం అదొక్కటే. ముప్పావు గంట ఉంది.

ఏడో రైతు సరుకు దగ్గర చెవులు వేడెక్కాయి. ఒళ్ళంతా చెమట. గుండె దడదడలాడి కళ్ళు చీకట్లు కమ్మాయి. ఖాళీ గోనెల మీద పడుకోబెట్టి విసిరారు. అలిసిపోయాను అనుకున్నాను. మర్నాడు ఆరో సరుకు దగ్గర అదే. మూడోనాడు ఐదోదానికే. అప్పుడు ఆస్పత్రికి ఫోను చేశాను. ఆ తిండి సంగతుల అమ్మాయే మాట్లాడింది. ఏం తిన్నారు అంది.

"ఏమీ తినలేదు. బెల్లం రుచి చూశాను."

"ఎంత చూశారమ్మా?"

నాకు అప్పటిదాకా ఆ లెక్క వెయ్యాలని తోచలేదు. అన్ని లెక్కలూ వేసే మనిషిని. ఫోను పక్కన పెట్టి ఒక ముక్క చిన్న తక్కెడలో వేస్తే మూడు గ్రాములు. మంచి సీజనులో రోజుకి నలభై సరుకులు. నూట ఇరవై గ్రాములు. చెప్పాను.

"మరి అది తినడమే కదమ్మా," అంది. కోప్పడలేదు, మెల్లగానే అంది. ముందే చెప్పి ఉంటే డాక్టరుగారు వేరే ఆలోచించేవారేమో అని కూడా అంది. ఇప్పుడు పుక్కిలించి ఊసేయండి, మింగకండి, అంది.

ఊసేయండి. ఆ అమ్మాయికి మా యార్డు సంగతి తెలియదు. యార్డులో రైతు ఎదుట అతని బెల్లం ఊశారంటే అది మనిషి నోట పెట్టేది కాదని నలుగురిలో చెప్పడం. ఆ రోజు ఆ సరుకుని ఇంకెవరూ పాడరు. ఇరవై ఏడేళ్ళలో నేను రెండేసార్లు ఊశాను, రెండుసార్లూ కావాలనే. బూడిద కలిసిన బెల్లం ఒకసారి, చచ్చిన పురుగులున్నది ఒకసారి. ఆ ఇద్దరూ మళ్ళీ మా మెట్లెక్కలేదు.

అయినా వేరే దారి లేదు. స్టీలు గ్లాసు ఒకటి కొంగు చాటున పెట్టుకున్నాను. ముక్క నోట్లో వేసుకుని, రుచి చెప్పి, దగ్గినట్టు పక్కకి తిరిగి గ్లాసులో ఊసి, నీళ్ళు పుక్కిలించేదాన్ని. నాలుగు రోజులు ఎవరూ చూడలేదు. ఒంట్లోనూ బాగుంది. ఇలా గడిచిపోతుందనుకున్నాను.

ఐదో రోజు బుచ్చయ్యపేట వైపు రైతు వచ్చాడు. తండ్రి కాలం నుంచి మాకే సరుకు వేస్తున్న మనిషి. అతని బెల్లం ఆ రోజు యార్డులోకెల్లా మంచిది. వంక పెట్టడానికి లేదు. నేను తల ఊపి పక్కకి తిరిగాను. అతను దిమ్మ సర్దడానికి అటే వచ్చాడు.

గ్లాసు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"నా బెల్లం ఊసీసేరా, అమ్మగోరూ?"

గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. కాదు నాయనా, నీ బెల్లం మంచిది, అన్నాను. మంచిదైతే ఊయడమెందుకని అతను అడగలేదు. అలాగే నిలబడ్డాడు. చుట్టూ పదిహేను, ఇరవైమంది మగాళ్ళు. నా పొట్ట సంగతి వాళ్ళ ముందు ఎలా చెప్పను? నేను మాట వెతుక్కుంటూ ఉండగానే మా ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచే చెప్పేశారు.

"ఆవిడకి పొట్ట కోసి కుట్టీసేరు. తీపి పడదు. నీ బెల్లానికేటీ లేదు."

వెనక నుంచి ఒక గొంతు, ఎవరిదో ఇప్పటికీ తెలియదు, "తీపి పడనావిడ బెల్లం కొట్లో కూకుని ఏటి సేత్తారో," అంది. ఒకరు నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, గొడవ తేలిపోతే చాలన్నట్టు. నవ్వనిది ఆ రైతు ఒక్కడే. అతను దిమ్మలన్నీ మళ్ళీ ఆటోలోకి ఎక్కించుకుని ఎదురు కొట్టుకి తీసుకుపోయాడు. వాళ్ళు ఆ రోజు యార్డు ధర మీద ఎక్కువే ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన మెత్తగా మొదలుపెట్టారు. ఒంట్లో బాగులేనప్పుడు ఈ తిప్పలెందుకన్నారు. నేను గ్లాసు రైతులకి కనపడకుండా గదిలోకి సరుకు తెప్పించి చూస్తానన్నాను. ముందే అందరికీ చెప్పి చూస్తానన్నాను. అప్పుడు ఆయన అసలు మాట అన్నారు.

"ఇప్పుడెవులు రుచి సూత్తన్నారు? అందరూ రంగు సూసే కదా పాడుకుంటన్నారు. నాన్న ముచ్చటపడి కూకోబెట్టేరని ఇన్నాళ్ళూ నేనేటీ అన్లేదు."

ముచ్చట. ఇరవై ఏడు సీజన్లు. నా నాలుక మీద కొట్టు నడుస్తోందని నేననుకున్నాను. ఆయన నన్ను సహిస్తున్నానని అనుకున్నారు. ఇంత కాలం ఒకే కొట్లో కూర్చుని ఇద్దరం వేరు వేరు లెక్కలు చూసుకున్నాం. నేను లేచి గిన్నె కడిగి బోర్లించాను. మర్నాడు ఎవరూ నన్ను కొట్టుకి రమ్మనలేదు. వారం తిరక్కుండా ఆ బల్ల మీద కరెంటు కాటా పెట్టారు.

ఆ తరవాత నన్ను చూసినవాళ్ళందరూ ఎంత అదృష్టమో అంటారు. షుగరు మాత్రలు మానేశాను. గుడి మెట్లు ఎక్కుతున్నాను. నిజమే. బరువు తగ్గాలనుకున్న ఒకావిడ నా దగ్గరకి వచ్చి ఎలా ఉంటుందని అడిగింది. మీరేం పని చేస్తారో ముందు ఆస్పత్రిలో చెప్పండి, అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పలేదు.

పోయిన సీజనులో మా ఆయన ఒక పెద్ద సరుకు కొన్నారు. లారీడు. మిఠాయివాళ్ళ ఆర్డరు. మొదటి దిమ్మ పూజకని ఇంటికి తెచ్చారు. చాలా మంచి రంగు. దేవుడి ముందు పెట్టే ముందు ఆవగింజంత గోటితో గిల్లి నాలుక వెనక పెట్టుకున్నాను. ఆవగింజంత నాకేమీ చెయ్యదు. చురుకు తగిలింది. హైడ్రోస్, అదీ చాలా.

దిమ్మని పళ్ళెంలో పెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, ఆయన ముఖం చూశాను. లారీ ఇంకా యార్డులోనే ఉంది. ఎలా ఉందని ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని. అడగకపోయినా, చూశావా అన్నట్టు ఒక్కసారి చూసినా చెప్పేదాన్ని. ఆయన హారతి కళ్ళకద్దుకుని, కాఫీ అయిందా అన్నారు.

అయిందన్నాను.

పన్నెండో రోజున సగం సరుకు నల్లబడి వెనక్కి వచ్చింది. నష్టం ఎంతో ఆయన నాకు చెప్పలేదు. దిమ్మల లెక్కా ఆ వారం ధరా నాకు తెలుసు, కనుక ఎంతో నాకూ తెలుసు. రాత్రి ఆయన భోజనం మాని కూర్చుంటే, ఇప్పుడైనా అడుగుతారేమో, నీకు ముందే తెలిసిందా అని, అప్పుడు అవునని చెప్దామని, పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆయన లారీవాడిని తిట్టారు. టార్పాలిన్ సరిగ్గా కప్పలేదట, మంచు తగిలిందట. నా మీద అనుమానం కూడా రాలేదు.

శుక్రవారం పొద్దున్న కొట్లో దీపం పెట్టడం ఇప్పటికీ నా పనే. నాలుగు మెట్లు. ఎవరి చెయ్యీ అక్కర్లేదు. దీపం పెట్టి, కరెంటు కాటాకి కూడా బొట్టు పెట్టి, రైతులు రాకముందే దిగి వచ్చేస్తాను. మోకాళ్ళ నొప్పి ఇప్పుడు అస్సలు లేదు.