బంతిదండలో పిన్నీసు

నిన్న మధ్యాహ్నం మిక్సీ తీగ కాలి రబ్బరు మాడిన వాసన ఇల్లంతా కమ్మితే మనవరాలు ముక్కు మూసుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చి, ఎనిమిదేళ్ళకే ఖరగ్‌పూర్‌లో ఫోర్‌మన్ గారి కారులో షార్టు సర్క్యూట్ ఎక్కడుందో పట్టుకున్న మొనగాణ్ణి నేనేనని, ఎన్నోసారో గాని, మళ్ళీ మొదలుపెట్టాను.

పట్టుకున్న మాట నిజమే.

మేం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో రైలుపెట్టెలకు దీపాలూ ఫ్యాన్లూ బిగించే వైరింగు పనివాడు. రెల్లు పూచి, వాన వెలిసి ఉక్కపోసే రోజుల్లో విశ్వకర్మ పూజ వచ్చేది. ఆకాశం నిండా గాలిపటాలు, విస్తరాకుల్లో పొగలు కక్కే కిచిడీ, గుగ్గిలం పొగలో బంతిదండలు వేసుకున్న యంత్రాలు. సుత్తి నుంచి స్క్రూడ్రైవరు దాకా దేవుడి ముందు పెట్టేసి, మర్నాటిదాకా ఎవరూ ముట్టేవారు కారు.

నా ఎనిమిదో ఏట, పూజనాటి సాయంత్రం ఫోర్‌మన్ ఘోష్ బాబు కొత్త అల్లుడికి పూజ పందిళ్ళు చూపిద్దామని తన పాత కారెక్కి తాళం తిప్పగానే ఫ్యూజు పోయింది. ఇంకొకటి వేస్తే అదీ పోయి, స్టీరింగు కిందనుంచి సన్నగా పొగ లేచింది. ముందటి ఆదివారమే ఆ కారు తీగలన్నీ మార్చినవాడు నాన్న. పెద్ద మిస్త్రీ పోస్టుకు నాన్న పేరు రాయవలసినవాడు ఘోష్ బాబు.

"క్యా అప్పారావ్, తీగ కొత్తది, పొగ కూడా కొత్తదేనా?" అన్నాడాయన, అల్లుడికి వినబడేలా.

ఇక్కడికొచ్చేసరికి నేనెప్పుడూ ఒక ముక్క మింగేస్తాను. ఆ పొద్దున కారు కడిగి అలంకరించింది నేనే. స్టీరింగు కింద కూడా ఒక దండ వేలాడితే దేవుడు మెచ్చుకుంటాడనిపించింది. కొక్కెం లేకపోతే, అమ్మ పుస్తెలతాడుకు గుత్తిగా వేలాడే పిన్నీసుల్లో తల వంగినదొకటి అడిగి తెచ్చి, దండను గుడ్డ చుట్టిన తీగల కట్టలోకి గుచ్చేశాను.

పనిముట్లు ముట్టకూడదు గనక నాన్న ఉత్త చేతులతోనే దిగాడు. ఫ్యూజు ఉండేచోట చిన్న బల్బు తగిలించాడు. షార్టు ఉన్నంతసేపూ అది వెలుగుతుంది, పోతే ఆరుతుంది. దీపాల తీగ గోళ్ళతో ఊడదీశాడు, బల్బు ఆరలేదు. హారను తీగ ఊడదీశాడు, ఆరలేదు. రేకు అంచు కోసుకుని వేళ్ళు నెత్తురోడుతున్నాయి. ఘోష్ బాబు గడియారం చూసుకుంటున్నాడు. నేను పిన్నీసు మాట దాచుకున్నాను. చెబితే నాన్న తంతాడని కాదు, అంతమందిలో నాన్న తల వంచుకోవడం చూడలేనని. నిన్నటిదాకా నాకు నేను అలాగే చెప్పుకున్నాను. నిజానికి తన్నులకే భయపడ్డాను.

నాన్న చెయ్యి మళ్ళీ రేకు అంచుకు తగిలి చటుక్కున వెనక్కి వచ్చినప్పుడు, నేను తల దూర్చి దండ పట్టుకు లాగేశాను. బల్బు ఆరిపోయింది.

బంతిపూల మధ్య పిన్నీసు. నాన్న దాన్ని చూశాడు, నన్ను చూశాడు, గుప్పెట మూశాడు.

"నా తప్పే బాబూ. తీగ అంచుకి రాసుకున్నాది. నాను సూసుకోనేదు."

"ఠీక్ హై. నీ పేరు సంగతి వచ్చే ఏడు చూద్దాం."

ఇంటికొచ్చాక పిన్నీసు అమ్మ చేతిలో పెట్టి, "నీదే. దారిలో దొరికినాది," అన్నాడు. మరుసటి ఏడు ఘోష్ బాబుకు బదిలీ అయింది. నాన్న వైరింగు పనివాడుగానే రిటైరయ్యాడు.

ఇప్పుడా గుడ్డ చుట్టిన తీగలూ లేవు, పుస్తెలతాడుకు పిన్నీసులు గుచ్చుకునే ఆడవాళ్ళూ కనబడరు. కాలిన వాసనొస్తే మా ఇంట్లో అందరూ ప్లగ్గులకేసి చూస్తారు. నేను నా చేతులకేసి చూసుకుంటాను.