శోకం పెట్టని కోడలు

మా చెల్లె గొంతెత్తితే వాకిట్లో ఉన్నవాళ్ల చేతుల్లో పని ఆగిపోతుంది. మా అమ్మ అయితే ఏ పాట విన్నా కళ్లు తుడుచుకునేది. నేను మధ్యరకం. డ్యూటీకి పోతూ బండి మీద ఏదో కూనిరాగం తీస్తాను, బండి దిగేసరికి మరిచిపోతాను. నా భార్యకు మాత్రం పాటంటే ఏమీ లేదు. అయిష్టం కూడా కాదు. ఏమీ లేదు, అంతే.

ఈ సంగతి పెళ్లయిన ఏడే ఆమె నాకు చెప్పింది. బతుకమ్మకు పాలకుర్తి దగ్గరున్న మా ఊరికి వెళ్లాం. ఆమె అందరితో పాటు తిరిగింది, చప్పట్లు కొట్టింది, పెదాలు మాత్రం కదపలేదు. ఇంటికొచ్చాక ఎందుకని అడిగాను.

"నాకు పాటైనా, మోటరు సప్పుడైనా ఒక్కతీరే ఇనబడ్తది. అందరికి లోపల ఏదో అయితదట గదా. నాకేం గాదు."

చెవులు కుట్టినప్పుడు లోపల తీగ తెగిందేమో అని నవ్వాను. తనూ నవ్వింది. ఎవరికీ చెప్పొద్దని అడిగింది. ఆ మాట నిలబెట్టుకున్నాను. నిలబెట్టుకోకూడని చోట కూడా.

తర్వాత నాకు భూపాలపల్లిలో బొగ్గు బాయి పని దొరికింది. అమ్మకు పక్షవాతం వస్తే మా క్వార్టర్‌కే తెచ్చుకున్నాం. మూడేళ్లు మంచంలోనే ఉంది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, జావ తాగించడం అన్నీ నా భార్యే. మధ్యాహ్నాలు అమ్మ పక్కన ఫోన్‌లో పాటలు పెట్టేది. ఏది మంచి పాటో ఆమెకు తెలియదు. అందుకని అమ్మ కుడిచేతిని చూస్తూ కూర్చునేది. వేళ్లు మంచం పట్టె మీద ఆడితే ఆ పాట ఉంచేది, ఆడకపోతే మార్చేది. షిఫ్టు దిగి వచ్చి ఎన్నోసార్లు గుమ్మంలో నిలబడి చూశాను.

అమ్మ పోయాక ఊరికి తీసుకుపోయాం. మా దిక్కు ఆడవాళ్లు చనిపోయినవాళ్ల మీద పడి రాగం తీసి ఏడుస్తారు. పోయినామె చేతి వంట, పడ్డ కష్టం, చూడకుండా పోయిన సుఖం, అన్నీ ఆ రాగంలోనే చెబుతారు. దాన్ని శోకం పెట్టడం అంటారు. శోకం పెట్టలేదంటే దుఃఖం లేనట్టే లెక్క.

మహబూబాబాద్ నుంచి చెల్లె వచ్చింది. ఆటో దిగుతూనే వాడకట్టు మొదట్లో శోకం ఎత్తుకుంది. ఆమె అమ్మ దగ్గరికి చేరేసరికి ఏడవనివాళ్లు లేరు. నా భార్య అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఒక పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. నోట మాట లేదు. పీడ పోయిందని కోడలు అనుకుంటున్నట్టుందని ఒక ముసలామె అన్నది. అందరూ నా దిక్కు చూశారు.

నాకు తెలిసిన సంగతి అప్పుడు ఒక్క ముక్కలో చెప్పి ఉండొచ్చు. నాకు సిగ్గయింది.

"ఏమే, పరాయోళ్లు సచ్చిన్రా? ఒక్క శోకమన్న పెట్టరాదా?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. తర్వాత నోరు తెరిచింది. "అత్తమ్మా, పొద్దుగాల జావ తాగకుండనే పోతివి" అన్నది. రాగం లేదు, సాగదీయడం లేదు. సరుకుల చీటీ చదివినట్టు అన్నది. వెనక ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆమె అమ్మ పాదం వదిలి, లేచి పెరట్లోకి పోయింది.

ఆ తర్వాత మా చుట్టాల్లో అదొక ముచ్చటైంది. ఫంక్షన్లలో ఆ జావ మాటను ఆమె అన్నట్టే అని నవ్వుకునేవాళ్లు. చెల్లె మా ఇంటికి రావడం మానేసింది. నా భార్యది రాతిగుండె అని రెండు మూడు చోట్ల నేనే అన్నాను. అది కూడా రాయాలి.

పోయిన నెల చెల్లె అత్తగారు చనిపోయింది. "నువ్వు రా అన్నా, వదినెను తేకు, మళ్ల నవ్వులాటయితది," అని చెల్లె ఫోన్ చేసింది. ఒక్కణ్నే వెళ్లాను. దినాల నాడు భోజనాలయ్యాక, చెల్లె విస్తళ్లు తీస్తుంటే పక్కకు పిలిచి అంతా చెప్పాను. మోటరు సప్పుడు మాట, అమ్మ వేళ్ల సంగతి. చెల్లె చేతిలోని విస్తళ్లు కింద పెట్టింది.

"గిదంత నీకు గప్పుడే ఎర్కనా అన్నా?"

ఎరుకే అన్నాను. "మరి గంతమంది ముందట ఆమెనెట్ల నిలబెట్టినవే?" అని అడిగింది. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

భూపాలపల్లికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె బెండకాయలు కోస్తోంది.

"ఎవ్వలకు చెప్పొద్దంటి గదా," అన్నది. ఇంకో కాయ కోసి, చెల్లె ఏమన్నదని అడిగింది. ఏడ్చిందన్నాను. "రాగం తీసిందా?" అన్నది. అది ఎగతాళో, నిజంగానే అడిగిందో నాకు తెలియలేదు.

అప్పటి నుంచి చెల్లె నా భార్యకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఆమె ఎత్తలేదు. ఎత్తుమని నేను అనలేదు. మొన్న జనగామలో మా చిన్నమ్మ పోయింది. వస్తావా అని అడిగాను, చుట్టాలందరి ముందు ఈసారి నేనే చెబుతానని కూడా అన్నాను.

"మోకాళ్లు నొస్తున్నయ్. నువ్వు పోయిరా," అన్నది.

పోయాను. చెప్పాను. విన్నవాళ్లు విన్నారు. అక్కడ లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.