మంగినపూడి ఒడ్డున తల్లి తాబేలు

ఎనభైల మధ్యలో మా తమ్ముడు ప్రసాదు బందరు కాలేజీలో చదివేవాడు. మాఘమాసం వచ్చిందంటే స్నేహితులతో కలిసి మంగినపూడి ఒడ్డున మకాం. సముద్రపు తాబేళ్ళు ఇసుకలో పెట్టిన గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వుకుపోకుండా వాళ్ళు కాపలా కాసేవారు. "ఒక్కసారి వచ్చి చూడక్కా" అని ఇంటికొచ్చినప్పుడల్లా పోరేవాడు. చివరికి ఒక శనివారం బయల్దేరాను.

జగ్గయ్యపేటలో ఆరు గంటల బస్సు. నందిగామలో మస్తాన్‌బీ పులిహోర డబ్బాతో ఎక్కింది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ళం. ఇప్పుడు నేను టీచర్ని, తను ఆస్పత్రిలో కాన్పులు చూసే నర్సు. కంచికచర్లలో దిగాల్సిన రైతొకాయన మా మాటలు విని నవ్వాడు.

"తాబేళ్ళకి కాపలానా? మా పత్తిచేనుకే మనిషి దొరకట్లేదండీ!"

బెజవాడలో బస్సు మారాం. బందరు హోటల్లో భోంచేసి, సాయంత్రానికి ఒడ్డు చేరాం. సరుగుడు తోట పక్కన కుర్రాళ్ళు వేసుకున్న తాటాకుల పాకలోనే పడక. దుప్పటి తప్పకుండా తీసుకెళ్ళండి, గాలి కొరికేస్తుంది.

తెల్లవారుజామున ప్రసాదు లేపాడు. "అక్కా, వచ్చింది. మాట్లాడకండి."

బండి చక్రమంత తాబేలు. వెనక రెక్కలతో గుంట తవ్వి, ఆయాసపడుతూ గుడ్లు పెడుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. మస్తాన్‌బీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా వార్డులో ఆడవాళ్ళ లాగానే ఉందే. పక్కన పట్టుకునే మనిషి కూడా లేదు పాపం."

పని అయ్యాక అది ఇసుక కప్పి, మెల్లగా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. కుర్రాళ్ళు గుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె లోపల అంతే లోతున పాతారు. ఆ ఉదయం మా సంతోషం చెప్పలేను.

మధ్యాహ్నం తిరుగు బస్సు కోసం సర్దుకుంటుంటే ఒక జాలరి వచ్చాడు. "బాబూ, అవతల మీ తాబేలొకటి కొట్టుకొచ్చిందండి."

పరిగెత్తాం. మరబోటు వలలో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చచ్చిపోయిందట. మెడకు వల తాడు కోసుకుపోయి ఉంది.

"పొద్దున్నదేనా?" అన్నాను.

"తెలీదక్కా. ఒడ్డున కాపలా కాయగలంగానీ..." ప్రసాదు సముద్రం కేసి చూశాడు.

మస్తాన్‌బీ మోకాళ్ళ మీద కూర్చుని, పైట చెంగుతో దాని కళ్ళలో ఇసుక తుడిచింది. అందరం కలిసి గొయ్యి తీసి పూడ్చాం.

ఆ సాయంత్రమే తిరుగు బస్సెక్కాం. నందిగామలో దిగబోతూ మస్తాన్‌బీ అంది: "పిల్లలు బయటికొచ్చేటప్పుడు మళ్ళీ వద్దామే. తల్లి తరఫున ఎవరో ఒకరు ఉండాలి కదా."

"తప్పకుండా" అన్నాను.

ఎండలు ముదురుతుండగా, గుడ్లు పగిలే రోజులొచ్చాయని ప్రసాదు కబురు పంపాడు. నాకు పరీక్షల డ్యూటీ, తనకు సెలవు లేదు. పిల్లలు గుంపుగా సముద్రంలోకి నడిచిన ఆ ఉదయం మేమిద్దరం ఎవరి ఊళ్ళో వాళ్ళం ఉండిపోయాం. మీరు వెళ్ళేటట్టయితే, ఆ రోజుకు వెళ్ళండి.