నేను శవం వేసిన నాటకం

పోయిన మంగళవారం పోస్టులో ఒక కవరు వచ్చింది. నేను చదువుకున్న బడివాళ్ళు మా ఇంగ్లీషు సారుకు శతజయంతి చేస్తున్నారట, ప్రత్యేక సంచిక వేస్తున్నారట, ఆయన శిష్యుల్లో ఇంకా బతికి ఉన్నవాళ్ళు తలా రెండు మంచి మాటలు రాసి పంపాలట. ‘మంచి’ అన్న మాట కింద గీత కూడా గీశారు. నన్ను ఎరిగినవాడెవడో ఆ సంఘంలో ఉన్నాడన్నమాట. మచ్చుకోసం, ఇప్పటికే అచ్చుకు సిద్ధమైన ఒక పేజీ జతచేశారు. రాసింది నా తరగతివాడే. సారు వేయించిన గ్రీకు నాటకంలో చివరి దృశ్యాన్ని తాను ఈ జన్మలో మరిచిపోలేనంటాడు. కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలి తండ్రి ఘట్టాన్ని అంత సహజంగా తీర్చిదిద్దిన సారు ప్రతిభకు చేతులెత్తి మొక్కుతాడట. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. నేను కాగితం బల్లమీద కొట్టిన చప్పుడుకు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “బీపీ గోలి ఏసుకున్నరా?” అని అడిగింది. వేసుకున్నాను. అది పని చేయలేదు. ఆ దృశ్యం ఎవరు తీర్చిదిద్దారో నాకు తెలుసు, ఎందుకంటే అందులో శవాన్ని నేనే. అందుకని రెండు మాటలతో ఆపను, మొత్తం రాసి పంపిస్తాను. అచ్చు వేసుకుంటారో చింపుకుంటారో వాళ్ళ ఇష్టం.

మా ఇల్లు పాతబస్తీలో, జహనుమాలో ఉండేది. ఇల్లంటే ఒక గది, ముందు రేకుల పంచ. ఆ పంచలో కూర్చుని మా బాపు బూట్లు కుట్టేవాడు. మేం మాదిగోళ్ళం. తోలు నానేసిన కుండ వాసన, దారానికి పట్టించే మైనం వాసన, వాటి మీదుగా పక్కింటి సాయిబు తండూరులోంచి వచ్చే రొట్టె వాసన, ఇవన్నీ కలిస్తే నా చిన్నతనం. ఎవరొచ్చినా బాపు ముందు కాగితం మీద కాలు పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీత గీసేవాడు. కుట్టడం అయిపోయాక మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి చూసేవాడు. వేలికి తోలు లొంగిందా, ఆ జత పంచ దాటేది కాదు. కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. పెళ్ళికొడుకు వచ్చి వాకిట్లో లొల్లి పెట్టినా సరే, “మడమ గట్టిగ లేకుంటే మనిషి గట్టిగ నిలవడడు” అని తోలుకు కన్నాలు పొడిచే ఆరె చేత్తో పట్టుకుని పని మొదలుపెట్టేవాడు. మా బడి హెడ్‌మాస్టరు సాహెబు కూడా ఆయన దగ్గరే బూట్లు కుట్టించుకునేవాడు. ఒకరోజు కాలు కాగితం మీద పెట్టి, పక్కన బొగ్గుతో నేలమీద అక్షరాలు గీస్తున్న నన్ను చూసి, “ఉస్తాద్, ఈ పోరన్ని నా బడికి పంపు. ఫికర్ నక్కో, నేను చూసుకుంట” అన్నాడు. అట్లా శాలిబండ దాటి ఆ పెద్ద బడిలో అడుగుపెట్టాను. నన్ను వెనక బెంచీలో కూర్చోమని ఎవరూ అనలేదు. మొదటిరోజు నేను కూర్చున్న బెంచీ రెండోరోజుకు ఖాళీ అయింది, అంతే.

ఇంగ్లీషు సారు మద్రాసులో చదివొచ్చినవాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పేవాడు కాదు. ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను, పాఠం చెప్పడంలో ఆయనకు సాటి లేదు. బడిలో మిగతా చదువంతా ఉర్దూలో నడుస్తుంటే ఆయన మాత్రం ఇంగ్లీషులో నాలుగు పంక్తులు చదివి, కథను తెలుగులో చెప్పేవాడు. బడి గోడల మధ్య నేను తెలుగు విన్నది ఆయన నోటినుంచే, అదీ గ్రీకువాళ్ళ కోసం! ఒక రాణి కోసం పదేళ్ళు సాగిన యుద్ధం, పొట్టలో సిపాయిలను దాచుకున్న కొయ్య గుర్రం, మనుషుల కంటే ఎక్కువగా కొట్లాడుకునే దేవుళ్ళు. మీరాలం చెరువును మించిన నీళ్ళు చూడని నాకు ఆయన సముద్రం చూపించాడు. ఆ వీరుల పేర్లు మాత్రం ఇక్కడ రాయను. ఒక్కొక్క పేరు సరిగ్గా నోరు తిరిగేదాకా అరచేతిలో బెత్తం పడేది, ఈ వయసులో మళ్ళీ వాటిని నా చేత్తో రాయాలని లేదు. ఒక ఘట్టం దగ్గర సారు ప్రతిసారీ పుస్తకం మూసేసేవాడు. తన కొడుకును చంపిన వీరుడి గుడారానికి ముసలి రాజు ఒంటరిగా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చంపిన చేతులనే ముద్దు పెట్టుకుని, కొడుకు శవాన్ని ఇమ్మని అడుగుతాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ సారు అనేవాడు, “మనిషిని మనిషిగా చూడటం ఇక్కడ నేర్చుకోవాలి.” ఆ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను, వెధవను.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ కథలన్నీ బాపుకు చెప్పేవాణ్ణి. ఆయనకు చదువు రాదు కానీ వినడం వచ్చు. ఆ వీరుడు పుట్టగానే తల్లి వాణ్ణి మడమ పట్టుకుని నదిలో ముంచిందనీ, నీళ్ళు తగిలినచోటల్లా ఒళ్ళు ఇనుమైపోయిందనీ, తగలని మడమకే చివరికి బాణం తగిలి చచ్చాడనీ చెప్పిన రోజు బాపు పని ఆపేశాడు.

“ఏందిరా, మడమల బాణం తాకితే సచ్చిండా? మడమ కచ్చిదని తల్లికి ఎరికేనా?”

“ఎరికే బాపూ.”

“మరి మడమకు మందం తోలేసి చెప్పులు కుట్టిస్తె అయిపోవు గద! గంత పెద్ద పట్నంల మాదిగోడే లేడా?”

నాకది గొప్ప ప్రశ్నగా తోచింది. ఇప్పటికీ గొప్ప ప్రశ్నే అంటాను. ముప్పై ఏళ్ళు నేనూ ఇంగ్లీషు పాఠాలు చెప్పాను, దానికి జవాబు చెప్పినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. కానీ బుద్ధి తక్కువై మర్నాడు తరగతిలో లేచి నిలబడి, బాపు అడిగినట్టే అడిగాను. తరగతి మొత్తం బల్లలు చరుస్తూ నవ్వింది. సారు కూడా కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వి, “దేవతల సంగతి చెప్పినా మీవాళ్ళ చూపు కాళ్ళ దాకే” అన్నాడు. నేను కూర్చున్నాను. ఇంటికి పోయి బాపుతో, సారుకు కూడా జవాబు తెలియదట అని చెప్పాను.

ఆ ఏడాది వార్షికోత్సవానికి ఆ ముసలి రాజు ఘట్టాన్నే నాటకం వేద్దామన్నాడు సారు. వీరుడి వేషం నాకు ఇచ్చాడు. నా మీద ప్రేమ అనుకునేరు, అతని మాటలన్నీ తడుముకోకుండా చెప్పగలిగింది తరగతిలో నేనొక్కణ్ణే. ముసలి రాజు వేషం ఒక వకీలుగారి అబ్బాయికి వచ్చింది. మోకాళ్ళ దాకా పట్టీలు చుట్టే గ్రీకు చెప్పులు కావాలి కదా, సారు బాపును బడి గేటు దగ్గరికి పిలిపించి పుస్తకంలో బొమ్మ చూపించాడు. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు, తోలంతా సిపాయిల బూట్లకే పోయేది. ఎక్కడెక్కడి ముక్కలో ఏరుకొచ్చి, నెలరోజులు కష్టపడి, బడికి కానుకగా పన్నెండు జతలు కుట్టాడు బాపు. కుడుతున్నంతసేపూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా మాటలు చెప్పించుకునేవాడు. చివరికి ముసలి రాజు మాటలు ఆయనకే కంఠతా వచ్చాయి. వీరుడి జత మాత్రం నా కాలు గీసి కుట్టాడు, బొమ్మలో లేని మందపాటి తోలు ఒకటి మడమ చుట్టూ వేసి. సారు అది చూసి చిరాకు పడ్డాడు. వీరుడి మడమ జనానికి కనపడాలి, అది కథలో అసలు ముక్క, కోసేయమన్నాడు. బాపు చేతులు కట్టుకునే జవాబు చెప్పాడు: “మీ కతల సచ్చిండేమో సారూ. నేను కుట్టినయి ఏసుకుంటె మాత్రం సావడు.”

నాటకానికి నాలుగు రోజులుందనగా వకీలుగారి కబురు వచ్చింది. తమ అబ్బాయి చెప్పులు కుట్టేవాడి కొడుకు ముందు మోకాళ్ళ మీద కూర్చోవడమేమిటి, వాడి చేతులు ముద్దు పెట్టుకోవడమేమిటి? ఆ సమయానికి హెడ్‌మాస్టరు సాహెబు జబ్బుపడి ఇంట్లో ఉన్నాడు. సారు నన్ను వరండాలోకి పిలిచి, ఎటో చూస్తూ, పెద్దమనుషులతో పేచీ బడికి మంచిది కాదనీ, వీరుడి వేషం వేరేవాడికి ఇచ్చాననీ చెప్పాడు. ఏమీ అనని నా మీద ఇప్పటికీ నాకు కోపమే. ఆయనకు జాలి వేసినట్టుంది, అది మరీ ఘోరం. అప్పటిదాకా తివాచీ చుట్టకు తెల్లగుడ్డ కప్పి రాకుమారుడి శవం అనుకునేవాళ్ళం. దాని బదులు నన్ను పడుకోమన్నాడు. “శవం కూడా పాత్రేనయ్యా” అన్నాడు. బాపుకు ఆ మాట చెప్పలేకపోయాను. వేషం మారిందని మాత్రం అన్నాను. ఆయన దారానికి మైనం పట్టిస్తూ, “ఏ ఏషమైనా మంచిగ ఎయ్యి బిడ్డా” అన్నాడు.

బడి మైదానంలో బల్లలు జోడించి వేదిక కట్టారు. తెర లేదు. ఎండ ఇంకా తగ్గలేదు. పెద్దమనుషులంతా ముందు కుర్చీల్లో ఉన్నారు. గేటు బయట టాంగాల మధ్య బాపు నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. నేను తెల్లగుడ్డ కింద, మొహం ఒక పక్కకు పెట్టి, కళ్ళు కొద్దిగా తెరుచుకుని పడుకున్నాను. నాకు కనిపించినదంతా కాళ్ళే, ఆ కాళ్ళకు మా బాపు కుట్టిన చెప్పులే. కొత్త వీరుడు కుంటుతున్నాడు. నా కాలు గీసి కుట్టినవి వాడికి ఎట్లా పడతాయి? వాడు దగ్గరికి వచ్చినప్పుడు మడమ చూశాను. తోలు లేదు. ఎవరో బ్లేడుతో కోసేశారు, తెగిన దారాలు వేలాడుతున్నాయి. ముసలి రాజు వచ్చాడు. కొడుకు మీద పడి ఏడవాల్సినవాడు నాకు రెండు గజాల దూరంలో నిలబడి, మోచేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత నలుగురు సిపాయిలు శవాన్ని ఎత్తుకుపోవాలి. తివాచీ చుట్టనైతే రోజూ చక్కగా ఎత్తుకుపోయేవాళ్ళు. ఆ రోజు నాలుగు జతల చెప్పులూ నా చుట్టూ వచ్చి ఆగాయి. ఒక్కటీ ముందుకు కదల్లేదు.

“ఎత్తండిరా” అని సారు పక్కనుంచి గుసగుసగా అరిచాడు. ఎవరూ వంగలేదు. ముందు వరసలో ఎవరో దగ్గారు, వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లేచి నడిచిపోతే నాటకం పోతుంది, పడుకునే ఉంటే నా మానం పోతుంది. పదమూడేళ్ళవాణ్ణి, ఊపిరి బిగపట్టుకుని అట్లాగే ఉన్నాను. ఒక్కటి రాసుకోండి సంచికవాళ్ళూ: సారు నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయనకూ రెండు చేతులున్నాయి. ముసలి రాజు కోసం ఏటేటా కళ్ళజోడు తుడుచుకున్న చేతులవి, ఆ రోజు కోటు జేబుల్లోంచి బయటికి రాలేదు.

అప్పుడు ఆ చెప్పుల మధ్యలోకి రెండు ఉత్త కాళ్ళు వచ్చాయి. పెద్దమనుషుల ముందు నడవాలని చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చిన కాళ్ళు. పగిలిన మడమలు. ఊరందరి మడమలు చూసినవాడు తనవి ఎప్పుడూ చూసుకోలేదని నాకు అప్పుడే తెలిసింది. బాపు వంగి, మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేసి నన్ను ఎత్తి భుజాన వేసుకున్నాడు.

“బాపూ, నాటకం ఖరాబైతది” అన్నాను చెవిలో.

“మాట్లాడకు. నువ్వు సచ్చినవ్” అన్నాడు.

బల్లల మీది నుంచి దిగి కుర్చీల మధ్యనుంచి నడిచాడు. జనం రెండు పక్కలకూ జరిగి దారి ఇచ్చారు. కొందరు నాటకమనుకుని జరిగారు, కొందరు తగలకుండా జరిగారు. ముందు ఒకరు చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత అందరూ కొట్టారు. బాపు భుజం మీది నుంచి వెనక్కి చూస్తున్న నాకు, సారు వేదిక ముందుకొచ్చి, చేయి గుండెకు ఆనించి, తల వంచి ఆ చప్పట్లు అందుకోవడం కనిపించింది. గేటు దాటాక బాపు నన్ను దించి తన చెప్పులు వెతుక్కున్నాడు. ఆయన వంగేలోపు నేనే కింద కూర్చుని తొడిగాను. “కతల గంతేగదరా. ఎవ్వడు ముట్టకుంటె తండ్రే వోయి తెచ్చుకుంటడు” అన్నాడు. మర్నాడు పొద్దున నేను బడికి పోనని ఏడిస్తే, జీవితంలో మొదటిసారీ చివరిసారీ నా వీపు పగలగొట్టి తనే గేటు దాకా తీసుకుపోయి దింపాడు. ఆ దెబ్బలకు నేను రుణపడి ఉన్నాను. బెత్తం దెబ్బలకు లేను.

నా తరగతి మిత్రమా, ముసలి తండ్రి అంత సహజంగా ఉన్నాడని రాశావు. మా బాపుకు అప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఆ బల్లలకూ గేటుకూ మధ్య నలభై అడుగులుంటాయేమో. ఆ నలభై అడుగుల్లో ఆయన ముసలివాడయ్యాడు, మీరంతా అది చూసి చప్పట్లు కొట్టారు.