నడి ఎండాకాలంలో నాటిన వావిలి

వయసులో ఉన్నన్నాళ్లూ మా అమ్మ ఆలూరు దగ్గర విత్తనపత్తి చేలల్లో కూలికి పోయింది. సాయంత్రాలు ఆడ మొక్కల మొగ్గల్లోంచి పుప్పొడి భాగం ఒలిచెయ్యడం, మరునాడు పొద్దున మగపూలు తెచ్చి ఒక్కొక్కదానికీ పుప్పొడి రుద్దడం. తేనెటీగలు చేసే పని మనుషులతో చేయించేవాళ్లు. నాన్న పోయాక అమ్మను కల్లూరులోని మా ఇంటికి తెచ్చుకున్నాను. నేను కర్నూలులో ఒక ఆసుపత్రిలో నర్సును.

ఆ వేసవిలో ఇంటి వెనక అమ్మ పెట్టిన గుమ్మడి తీగ బాగానే పూసింది గానీ ఒక్క కాయా నిలవలేదు. పిందెలు పచ్చబడి రాలిపోయేవి. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దితే సరిపోతుంది కదా అన్నాను.

అమ్మ రాలిన పిందెలు ఏరుతోంది.

"ఆ పని నేను శానా చేసినాన్లే పాపా. ఇంగ చెయ్యను," అంది. "తేనెటీగలే రావల్ల. వాటికి తినేదానికి ఈడ ఏముండాది? అన్నీ సిమెంటిండ్లే."

మా పక్క ఖాళీ స్థలంలో మాత్రం కొన్ని తంగేడు, వావిలి పొదలు ఉండేవి. మే నెలలో అక్కడ ఇల్లు మొదలుపెట్టారు. జేసీబీ వచ్చి నిలబడిన సాయంత్రం అమ్మ గోడ దగ్గరికి పోయింది.

"ఏమప్పా, ఈ చెట్లన్నీ పీకుతాండావా?"

"పొద్దున్నే పీకల్లమ్మా. కావల్లంటే ఇప్పుడే తీసుకోండి," అన్నాడు డ్రైవరు.

ఆ ఎండల్లో మొక్క నాటేవాళ్లెవరూ ఉండరు. నాకు కోపం వచ్చింది గానీ, కోప్పడే ఓపిక కూడా లేదు. గడ్డపార తీసుకుని వెళ్లాను. తంగేడు వేళ్లు లోతుకు దిగి ఉన్నాయి, లాగితే తెగిపోయాయి. వావిలి కొమ్మలు మూరెడు మూరెడు నరుక్కొచ్చాం. అన్నింటినీ ఇంటి వెనక, ఆ స్థలం వైపు గోడ వెంబడి నాటి, పైన పాత చీరలు కట్టాం. బియ్యం కడిగిన నీళ్లూ, గిన్నెలు కడిగిన నీళ్లూ వాటికే పోశాం.

తంగేడు మొత్తం ఎండిపోయింది. అమ్మ ఆ పుల్లలు పీకి గోడ అవతల పారేసింది. వావిలి కూడా కట్టెపుల్లల్లాగే కనిపించేది.

"చాలమ్మా, ఎండకు పడిపోతావు," అన్నాను.

"నీళ్లు పోసేది నేను గదా. నువ్వు పోయి పండుకో."

ఒకనాడు నేను వచ్చేసరికి నిజంగానే గోడకు ఆనుకుని కూలబడి ఉంది. చెంబు పక్కన దొర్లి ఉంది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించి, లోపలికి తెచ్చి ఫ్యాను కింద పడుకోబెట్టాను. ఆ మరునాటి నుంచి డ్యూటీకి పోయేముందు నేనే నీళ్లు పోశాను. అవి బతుకుతాయని కాదు, అమ్మ ఎండలోకి పోకుండా ఉండాలని.

తొలకరి పడ్డాక వావిలి చిగురు వేసింది. తవ్విన మట్టిలో మేం చల్లకుండానే తుమ్మి మొలిచింది. కొన్నాళ్లకు తుమ్మి తెల్లగా, ఆ తర్వాత వావిలి నీలంగా పూసింది. ఒక ఉదయం అమ్మ గడప మీద కూర్చుని, పూల మీద మూగిన ఈగలను చూస్తూ, "వచ్చినాయి," అంది. వానలకు మళ్లీ పెట్టిన గుమ్మడికి ఆ ఏడు కాయలు నిలిచాయి.

మరుసటి ఏడు పక్కింటి పని పూర్తయి మనుషులు దిగారు. ఒకరోజు ఆ ఇంటి కోడలు గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

"అక్కా, ఈగలు మా వంటింట్లోకి వస్తాండాయి. మా అత్తను కుట్టి చెయ్యంతా వాచింది. ఆ కొమ్మలు కొట్టేస్తారా?"

అమ్మ పోట్లాడుతుందనుకున్నాను.

"మీ పక్కకు వచ్చినవి కొట్టేస్తాంలేమ్మా," అంది.

నేను కత్తి తెచ్చి గోడ దాటిన కొమ్మలన్నీ నరికాను. చెట్లు ఒక పక్క బోడిగా మిగిలాయి. అమ్మ ఆ కొమ్మల ఆకు దూసి, పెద్ద గిన్నెడు నీళ్లలో వేసి పొయ్యి మీద మరగబెట్టింది. ఆ నీళ్లతో తాను స్నానం చేసి వచ్చి సగం నాకు మిగిల్చింది.

"పోసుకో పాపా. ఒళ్లు నొప్పులు తగ్గుతాయి," అంది.

పొద్దు గూకకముందే ఇద్దరం పడుకున్నాం.