పురుగుల ఇంటి రెండు తలుపులు

యాభై రెండేళ్ల వయసులో, రెండు మోకాళ్లూ చెరొక పార్టీలో ఉన్న కాలంలో, ఇరవై ఒక్క గేర్ల సైకిలు కొనడం తెలివైన పని కాదు. శివరాత్రికీ ఉగాదికీ మధ్య, ఆకాశానికే తన బుద్ధి ఏమిటో తెలియని రోజుల్లో, చింతామణి నుంచి చిక్కబళ్లాపురం, అక్కడి నుంచి బాగేపల్లి, మళ్లీ చింతామణి అని దాని మీద ఒక చుట్టు చుట్టి వస్తానని పది మందిలో చెప్పడం ఇంకా తెలివితక్కువ పని. "బస్సెక్కను, ఆటో ఎక్కను, ఎవరి బండీ ఎక్కను" అని ఆ మాటకు తోక తగిలించడం ఉందే, అది మాత్రం నా సొంత ప్రతిభ. అలా చెప్పమని ఎవరూ అడగలేదు.

మాది చింతామణిలో పాత్రల అంగడి. మూడు తరాలుగా మావాళ్లు కూర్చున్న చోటు నుంచి లేవకుండా బతికినవాళ్లు. ఆ మూడు తరాల తిరుగుడూ నా ఒక్కడికే బాకీ పడినట్టు, నాకు తిరగాలనిపించింది. మా ఆవిడ వద్దనలేదు. నా ఫోను తీసుకుని, నేను ఎక్కడున్నానో తన ఫోనులో నీలం చుక్కగా కనిపించే ఏర్పాటు చేసుకుంది. ఆ చుక్కను తన తమ్ముడికి కూడా పంపింది. అసలు కథ అక్కడే చెడింది.

ఆ తమ్ముడు, అంటే నా బావమరిది, బాగేపల్లిలో రోడ్డు మీద శనక్కాయ నూనె అంగడి నడుపుతాడు. ఒక చిన్న సరుకుల బండి ఉంది. నూనె వాసన పోవాలని పొద్దున్నే ఒళ్లంతా సెంటు కొట్టుకుంటాడు. వీధి మలుపు తిరగకముందే ఆయన వస్తున్నాడని ముక్కుకు తెలుస్తుంది. నేను బయలుదేరే ముందురోజే ఫోను చేసి, "బావా, బండికి డీజిల్ కొట్టించి పెట్టినా. నువ్వు యాడ పడిపోతే ఆడికొస్తా" అన్నాడు. పడిపోతే అని కూడా కాదు, ఆయన గొంతులో అది "పడిపోయినప్పుడు".

మొదటి రోజు పడిపోలేదు. చిక్కబళ్లాపురం దాకా ఎండ మాడ్చింది. ఊరు చేరబోతుండగా నంది కొండ పక్క నుంచి వచ్చిన గాలి నన్ను ఎదురు నిలబడి మరీ పలకరించింది. పేరేసంద్ర దగ్గర వాన పడింది, అదీ రోడ్డుకు ఎడమ పక్క మాత్రమే. కుడి పక్క పొలంలో దుమ్ము లేస్తోంది. నేను మధ్యలో తొక్కుతూ, ఎడమ భుజం తడుపుకుని, కుడి భుజం ఎండబెట్టుకుని, సాయంత్రానికి బాగేపల్లి చేరాను. బావమరిది మొహంలో కొంచెం నిరాశ కనిపించింది.

మర్నాడు పొద్దున కాళ్లు కదలలేదు. నొప్పుల మందు డబ్బీ మొత్తం తొడల నుంచి మడమల దాకా పూసుకున్నాను. కర్పూరం డబ్బాలో పడ్డవాడిలా ఘుమాయిస్తూ సైకిలు గడప దాటించాను. సరిగ్గా అప్పుడు, బ్రష్షు నోట్లో పెట్టుకుని మా బావమరిది అడిగాడు:

"యాడికి బావా?"

బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే ఆ ప్రయాణం అక్కడికి చెడినట్టే. వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, కొత్తగా బయలుదేరాలి. ఇది తెలియని పిల్లవాడు కూడా మా పక్క ఉండడు. నలభై ఆరేళ్ల మా బావమరిదికి తెలియదని నేననుకోను.

ఆయన భార్య లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. "అయ్యో అన్నా! ఈయనకు నోరు యాడుండాలో తెలీదు. లోపలికొచ్చి కూచోండి, నీళ్లు తాగి పోదురు." నీళ్ల వెనక ఉప్మా వచ్చింది, ఉప్మా వెనక కాఫీ వచ్చింది. ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంటను గుర్తుపెట్టుకోండి. నేను ఇంకా మరిచిపోలేదు.

చేలూరు దాటేదాకా ఆకాశం నీలంగా, అమాయకంగా ఉంది. కానుగ చెట్ల కింద రాలిన పూత మీద చక్రాలు మెత్తగా పోతున్నాయి. చింతామణి ఇంకా ఇరవై కిలోమీటర్లు లేదు. అప్పుడు పడమట ఒక మబ్బు లేచింది. నేను గేరు మార్చాను. మబ్బూ గేరు మార్చింది. దాని దగ్గర ఇరవై ఒకటి కంటే ఎక్కువే ఉన్నట్టున్నాయి. గాలి, దుమ్ము, ఆ తర్వాత నెత్తి మీద టప్‌మని ఒకటి పడింది. వాన చుక్క ఇంత గట్టిగా ఉండదే అని తడుముకునేలోగా ఇంకో పది పడ్డాయి. రాళ్లవాన.

దగ్గర్లో ఊరు లేదు. మల్బరీ తోట మధ్యలో ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. సైకిలు గోడకు ఆనించి, తలుపు తోసుకుని దూరాను.

"ఎవరప్పా అది? ముందు ఆ తలుపు మూయి! ఊజి ఈగ దూరుతాది!"

మూశాను. నిలబడ్డది చిన్న ముందరగది. నాలుగడుగులు పొడవు, మూడడుగులు వెడల్పు. ఎదురుగా దోమతెర కొట్టిన ఇంకో తలుపు, దాని వెనక నా వయసే ఉన్న రైతామె. అది పట్టుపురుగులు మేపే ఇల్లు. పురుగులను చంపే ఈగ లోపలికి పోకూడదని అలా రెండు తలుపులు పెడతారు. ఒకటి తీసి ఉంటే ఇంకొకటి మూసి ఉండాలి. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు అంత దగ్గర పుట్టి పెరిగి, ఇంట్లో అన్ని పట్టుచీరలు చూసి, నేను అంతవరకు ఒక పురుగు ఇంట్లో కాలు పెట్టలేదు.

"చెప్పులిప్పి కాళ్లు ఆ తొట్టిలో పెట్టప్పా" అంది. తొట్టిలో బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు. పెట్టాను. ఆమె లోపలి తలుపు మీద చెయ్యి వేసి, ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"ఏం పూసుకున్నావప్పా?"

"నొప్పుల మందమ్మా."

"ఎంత?"

"ఒక డబ్బీ."

చెయ్యి వెనక్కి తీసింది. "ఆడే ఉండు. ఒక్క అడుగు లోపలికేసినావంటే నా పురుగులు మేత ఇడుస్తాయి. నాలుగో జ్వరం లేసి ఐదు దినాలైంది. ఇంక రెండు దినాలకు పండుతాయి."

పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని, తలెత్తి పడుకుని, పొర విడుస్తుంది. దాన్నే అక్కడ జ్వరం అంటారు. నాలుగోది లేచాక వారం రోజులు తిండే తిండి, ఆ తర్వాత గూడు. ఆ వారంలో ఘాటైన వాసన తగిలితే రెండు నెలల చాకిరీ మట్టి. ఆమెకు నా మీద కోపం లేదు, నన్ను నిప్పును చూసినట్టు చూస్తోంది, అంతే.

ఇక నా పరిస్థితి. బయటి తలుపు తీస్తే రాళ్లు, లోపలి తలుపు తీస్తే పురుగులు. కింద కూర్చుందామంటే సున్నం బస్తా. కాళ్లు బ్లీచింగ్ నీళ్లలో, తల రేకుల కింద. బయట రాళ్లు తగిలి నా సైకిలు బెల్లు దానంతటదే మోగుతోంది, ఎవరో నన్ను తొందరపెడుతున్నట్టు. ప్రపంచం చూద్దామని బయలుదేరినవాడికి పన్నెండు చదరపు అడుగుల ప్రపంచం దొరికింది.

ఫోను మోగింది. బావమరిది.

"ఏం బావా, నీ చుక్క కదల్లేదే?"

"చుక్కలు పడతాండాయి, అందుకే నా చుక్క నిలిచింది" అన్నాను. మాట విరిచినందుకు ఒక్క క్షణం సంతోషం.

"నేనొస్తాండా. సైకిలు బండి మీద ఏసుకుందాం."

"వద్దు! వాన నిలిస్తే నేనే పోతా."

వాన నిలవలేదు. రాళ్ల మోత తగ్గింది గానీ సన్నటి జల్లు మాత్రం ఆగకుండా, ఒకే తీరుగా, సరసరమని కురుస్తూనే ఉంది. నేను తొట్టిలో కాళ్లు మార్చి మార్చి నిలబడి వింటున్నాను. చాలాసేపటికి ఆమె దోమతెర దగ్గరికి వచ్చి, నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఇంకా ఈడే ఉండావా? వాన నిలిచి అర్ధగంట దాటిందే!"

"సరసర అని వినపడతానే ఉండాది గదమ్మా?"

ఆమె ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో రామా! అది వాన కాదప్పా, నా పురుగులు ఆకు తినే సద్దు!"

బయటి తలుపు తీశాను. కడిగిన రోడ్డు, మెరిసే ఎండ. చింతామణి దారిలో సగం దూరం నన్ను చేర్చగలిగిన అరగంట అప్పుడే అయిపోయి, నేను చూస్తుండగానే గడప మీద రెండో వాన మొదటి చుక్క పడింది. మళ్లీ తలుపు మూసుకున్నాను. పొద్దున ఉప్మాకు ముప్పావు గంట, ఇప్పుడు పురుగుల భోజనానికి అరగంట. ఆ రోజు నన్ను తినేవాళ్లే తిన్నారు.

కానీ ఆమె నవ్వు ఎంతోసేపు లేదు. తెర అవతల నిలబడి ఆకాశం మోత వింటూ, "ఇంక ఒక్క మేతకే ఆకుండాదప్పా" అంది మెల్లగా. ఆమె భర్త గూళ్లు అల్లించే వెదురు చంద్రికలు బాడిగకు తేవడానికి శిడ్లఘట్టకు పోయాడు. తిరిగొచ్చి మధ్యాహ్నం ఆకు కోద్దామనుకున్నారు. ఇప్పుడు తోటంతా తడిసింది. తడి ఆకు పెడితే పురుగుకు రోగం, పెట్టకపోతే ఆకలి. ఈ రెండు రోజుల్లో మేత తప్పితే గూడు పొరలేని ఉల్లిగడ్డ అవుతుంది.

వాళ్లక్కకు ఫోను చేసింది. అక్కది చేలూరు పక్క ఊరు, పది కిలోమీటర్లు. స్పీకరులో నాకూ వినపడింది: "ఈడ ఒక్క చుక్క పడలేదే! కావల్సినంత కోసిస్తా, వచ్చి ఎత్తుకుపో." ఎత్తుకుపోవడానికే ఏమీ లేదు. ఉన్న ఒక్క బండినీ భర్త తీసుకుపోయాడు, ఆయన ఏ చెట్టు కింద నిలిచాడో.

"నేను పోయి తెస్తానమ్మా, సైకిలుంది గదా" అన్నాను.

ఆమె లోపలి తలుపు మూసుకుని ముందరగదిలోకి వచ్చి, బయటి తలుపు సందులోంచి నా సైకిలును పైకీ కిందికీ చూసింది.

"క్యారియర్ యాడ?"

"లేదమ్మా. ఈ రకానికి ఉండదు."

"స్టాండు?"

"అదీ ఉండదు."

"మరి దీన్ని దేనికి కొన్నావప్పా?"

ఒక మోపు ఆకు మోయలేని ఇరవై ఒక్క గేర్లు. నా కారణంగా ఆ పూట ఆ షెడ్డుకు చేరింది కర్పూరం వాసన ఒక్కటే.

అప్పుడే బండి హారను వినపడింది. మా బావమరిది. ఇస్త్రీ చొక్కా, గొడుగు. తలుపు తీసి, తొట్టిలో నిలబడిన నన్ను చూసి, ముందు ఫోను తీశాడు, ఫొటో కొట్టాడు, ఇంటిల్లిపాదీ ఉన్న గ్రూపులో వేశాడు. ఆ తర్వాతే నోరు తెరిచాడు. "బావా, కాళ్లకు ఫేషియలా? రా, బండెక్కు. పందెం మేమేమీ వేయలేదులే, ఓడిపోయినా నష్టం లేదు."

ఆయన వెనకే సెంటు కూడా లోపలికొచ్చింది. ఆమె తెర అవతలికి పోయి కేకేసింది: "ఈయప్ప ఇంకో రకమా! మీ ఇండ్లల్లో ఎవరికీ మనిషి వాసనే ఉండదా?"

నాకు ఆ క్షణంలో మోకాలి నొప్పి తగ్గింది.

"అమ్మా, మా బామ్మర్ది బండి ఉండాది. మీ అక్క ఊరికి పోయి ఆకు తెస్తాడు" అన్నాను.

"నేనా? బావా, నేను నిన్ను ఎత్తుకుపోయేదానికి వచ్చినా!"

"నాకంటే ఆకు తేలిక. పైగా మాట్లాడదు."

ఆయన ఏదో అనబోయాడు గానీ తెర వెనక నుంచి ఆమె, "అంత పని చేస్తివంటే నా పంట నిలబెట్టినట్టే తమ్ముడా" అంది. తమ్ముడా అని పిలిచాక మా బావమరిది ఎవరికీ లేదనలేడు. అది ఆయన బలహీనత. నాకు తెలుసు, ఆయన అక్కను చేసుకున్నవాణ్ని.

సెంటుతో ఆకు ముట్టకూడదు గనుక, ఆయనకు జల్లులోనే బోరు పైపు కింద శీకాయతో రుద్దుకోవాల్సి వచ్చింది. ఇస్త్రీ చొక్కా కొయ్యకు వేలాడింది. ఆమె భర్త పాత పంచె, బనియను తొడుక్కుని, నా వైపు చూడకుండా బండెక్కాడు. నేనూ అదే పైపు కింద కాళ్లు తోముకున్నాను. ఆమె వాసన చూసి రెండుసార్లు "ఇంకోసారి" అంది. మూడోసారికి లోపలికి రానిచ్చింది.

తట్టల నిండా వేలెడంత తెల్లటి పురుగులు, తలలు ఊపుతూ తింటున్నాయి. చివరి మేత ఆకు ఆమె పరుస్తుంటే నేను అందించాను. గంటలోపు ఆకు అయిపోయింది. సద్దు తగ్గుతూ వచ్చింది. పొద్దున వాన నిలిస్తే చాలనుకున్న నాకు, ఈ వాన నిలిచిపోతోందే అని గుబులు పుట్టింది. ఆమె ఖాళీ ఈనెలు ఏరుతోంది, చెవి మాత్రం రోడ్డు మీద ఉంది.

సద్దు పూర్తిగా ఆగిన కాసేపటికి హారను వినపడింది. బండి నిండా ఆకు, ముందు సీట్లో కూడా ఆకు మోపే. స్టీరింగు వెనక పంచెతో మా బావమరిది, నెత్తి మీద ఒక రెమ్మ. ముగ్గురం దించాం, పరిచాం. మళ్లీ లోపల వాన మొదలైంది. ఆమె నిలబడి ఊపిరి వదిలింది.

బయట ఎండ కాసింది. "రేపటికి, ఎల్లుండికి ఎట్లనో" అంది ఆమె, పడమటి దిక్కు చూస్తూ. "ఈ దినాల్లో మబ్బును నమ్మేదానికి లేదు."

బావమరిది చొక్కా గుండీలు పెట్టుకోవడానికి షెడ్డు వెనక్కి పోయి ఉన్నాడు. నేను ఆయన ఫోను నంబరు నిదానంగా, రెండుసార్లు చెప్పి రాయించాను. "ఎప్పుడు కావాలన్నా చేయండమ్మా. ఈ పంటకే కాదు, వచ్చే పంటకూ. మా బామ్మర్దికి ఈ పని శానా ఇష్టం."

తర్వాత సైకిలెక్కి, ఎవరి బండీ ఎక్కకుండా, చింతామణికి వచ్చేశాను.

ఆ పంట పండింది. గూళ్లు గట్టిగా వచ్చాయని ఆమె ఫోను చేసి చెప్పింది, నాకు కాదు, తమ్ముడికి. ఇప్పటికీ చేలూరు పక్క పడమట మబ్బు లేస్తే బాగేపల్లిలో ఒక ఫోను మోగుతుంది. అవతల నుంచి "తమ్ముడా" అంటారు. ఆ రోజుల్లో మా బావమరిది సెంటు కొట్టుకోడు. నేను మా అంగట్లో కూర్చుని ఫోను తీసి, మా ఆవిడ చేత నా ఫోనులోకి తెప్పించుకున్న ఆయన చుక్క రోడ్డు మీద ఎక్కడిదాకా వచ్చిందో చూస్తాను. తర్వాత ఫోను చేసి, నిదానంగా ఒకే ఒక్క మాట అడుగుతాను.

"యాడికి బామ్మర్దీ?"